తొమ్మిది నంబర్ల పళ్లెం

ఒమాన్‌లో ఆడవాళ్లకు ఓటు ఇప్పించినవాణ్ని నేనే. అంతటితో ఆగలేదు. నలుపు తెలుపు తేడాను కూడా అదే రోజు, మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం చాయకీ మధ్య రద్దు చేసి పారేశాను. ఈ మాట ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. వాడి కబీర్ పేటలో నా కుట్టు దుకాణానికి పిల్లల యూనిఫాం కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి తల్లికీ చెప్పాను. ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చిన బ్యాంకు మేనేజరుకు చెప్పాను. పన్ను పీకడానికి కూర్చోబెట్టిన డాక్టరుకు కూడా, ఆయన చెయ్యి నా నోట్లో ఉండగానే, సగం చెప్పాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. కాదనడానికి వాళ్లెవరూ అప్పుడక్కడ లేరు గదా.

చిక్కంతా మా అమ్మాయి లావణ్యతో వచ్చింది. ఆమె స్కూల్లో సోషల్ టీచరు. పోయిన నెల పిల్లలకు ఒక పాఠం చెప్పింది. ఏవో దూరదేశాల్లో ఆడవాళ్లు ఓటు కోసం, నల్లవాళ్లు సమానత్వం కోసం కొట్లాడిన కథ. మొదట్లో ఇద్దరూ ఒకే వేదిక మీద నిలబడ్డారట. తీరా ఇచ్చే సమయం వచ్చేసరికి ఇచ్చేవాళ్లు, ‘ముందు నల్లజాతి మగవాళ్లకు, ఆడవాళ్లు కొంచెం ఆగండి’ అన్నారట. దాంతో కొందరు తెల్ల ఆడవాళ్లకు, మాకంటే ముందు వాళ్లకా అని ఒళ్లు మండిందట. స్నేహం చెడింది. నల్లజాతి ఆడవాళ్లు ఏ వరసలో నిలబడాలో తెలియక రెండిటికీ బయటే మిగిలారు. పాఠమైపోయాక ఒక పిల్ల లేచి, ‘ఇట్లాంటిది మన దగ్గర ఎప్పుడైనా జరిగిందా టీచర్’ అని అడిగితే మా అమ్మాయి నోరు జారింది. “మా బాపు చేశాడు” అన్నది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా ముందు నోటుబుక్కు పెట్టింది. “బాపూ, నోటితో చెప్పింది చాలు. రాసియ్యి. క్లాసులో చదువుతా” అన్నది. నోటి మాటకూ కాగితానికీ ఇంత తేడా ఉంటుందని నాకు అరవై దాటాక తెలిసింది. కాబట్టి మొదటి వాక్యాన్ని ఇక్కడే కొంచెం కత్తిరిస్తాను. దేశం ఓటు సంగతి దేశం చూసుకుంది, దానికి నాతో పని పడలేదు. నేను చెబుతున్నది రుసైల్‌లో ఒక బట్టల కంపెనీ మెస్సు సంగతి. ఆడవాళ్లంటే నలభై మంది. నల్లవాళ్లంటే తొమ్మిది మంది. మిగతాది ఎంత కత్తిరించాలో రాస్తూ పోతుంటే అదే తెలుస్తుంది.

రుసైల్ అంటే నాకు ఇప్పటికీ ముందు వాసనే గుర్తొస్తుంది. తేమ తగిలిన కొత్త బట్ట వాసన, ఇస్త్రీ ఆవిరి, మిషన్లకు పోసే నూనె, వీటన్నిటి మీదా పదకొండు గంటలకల్లా మెస్సు షెడ్డు నుంచి వచ్చే పప్పు తాలింపు. నేను సిరిసిల్ల నుంచి కత్తెరతో వచ్చిన కుర్రాణ్ని. కటింగు సెక్షన్లో బల్ల మీద నూరు మడతల బట్ట పరిచి ఒక్క గీతలో కోసేవాణ్ని. ‘నూరు’ అనడం అలవాటైపోయింది, నలభై మడతలనుకోండి. అందరూ మాస్టరూ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపుతో నా తల కొంచెం పైకే ఉండేది. మగవాళ్లం యాభై మంది దాకా ఒకే క్యాంపులో ఉండేవాళ్లం. ఎక్కువమంది నిర్మల్, జగిత్యాల వైపువాళ్లే. పొద్దున అయిదున్నరకు నీళ్ల కోసం బకెట్ల వరస, ఆరున్నరకు చాయ, ఏడింటికి డ్యూటీ. ఎండాకాలంలో తెల్లవారకముందే కుళాయి నీళ్లు సలసల కాగేవి. రాత్రే పట్టి నీడన పెట్టుకున్నవాడు మాత్రమే సుఖంగా స్నానం చేసేవాడు.

మెస్సుకు పెద్ద గంగన్న. అందరికీ పెద్దన్నే. ఆర్మూరు పక్క పల్లె ఆయనది. వంటవాడు యాదయ్య కూర దించగానే పెద్దన్న వచ్చి గరిటెతో చుక్క తీసి ఎడమ చేతి వెనక వేసుకుని నాకేవాడు. కళ్లు మూసుకునేవాడు. ఆయన కళ్లు తెరిచేదాకా యాదయ్య ఊపిరి పీల్చడు. “పెట్టు” అంటే పెట్టడమే. సామాను తెప్పించడం దగ్గర్నుంచి ఏ వారం మాంసం, ఎవరికి ముందు వడ్డన, కంపెనీ ముదీర్, అదే మేనేజరు, దగ్గరికి పోయి ఎవరి తరఫున మాట్లాడాలి, అన్నీ ఆయనవే. ఆయనకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. తన తువ్వాలు తానే ఉతుక్కునేవాడు, తన పళ్లెం తానే కడుక్కునేవాడు. జ్వరమొస్తే మన మంచం పక్కన జావ పెట్టి పోయేవాడు, పెట్టినట్టు చెప్పేవాడు కాదు. ఇంత మంచివాడి చేతికిందే ఆ అన్యాయం నడిచింది. అది నాకు అప్పుడు అన్యాయంలాగా కనబడలేదు, అలవాటులాగా కనబడింది.

ఆ అలవాటేమిటంటే, మెస్సులో ప్రతివాడికీ ఒక స్టీలు పళ్లెం, దాని అంచు మీద సుత్తితో కొట్టిన నంబరు. నంబర్లు కొట్టేది నేనే, అచ్చులు కటింగు సెక్షన్లో ఉండేవి కనుక. తిన్నాక పళ్లెం కడిగి గోడకున్న మేకుకు తగిలించాలి. ఏడాదికోసారి, ఉగాది వెళ్లిన శుక్రవారం, మెస్సు పెద్దను ఎన్నుకునేవాళ్లం. నిలబడ్డవాళ్లు చాపలేసుకుని కూర్చుంటారు. మనకు కావలసినవాడి ముందు మన పళ్లెం బోర్లించాలి. ఎవరి దొంతర ఎత్తుగా ఉంటే వాడు పెద్ద. నంబరు పళ్లెం చేతిలో ఉంటే ఓటు ఉన్నట్టు. అది పెద్దన్న పెట్టిన రూలే.

ఆడవాళ్లకు నంబరు పళ్లెం లేదు. కుట్టు మిషన్ల మీద పనిచేసేది వాళ్లే. కడప, గోదావరి, అటూ ఇటూ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల క్యాంపు రోడ్డుకు అవతల, గేటుకు తాళం. అన్నం, కూర బకెట్లలో పంపేవాళ్లం, మగవాళ్లందరూ తిన్నాక. జీతంలో మెస్సు కోత మాత్రం అందరికీ ఒకటే. ఆ బకెట్లు మోసేది లోడింగు పనివాళ్లు, టాంజానియా వైపు నుంచి వచ్చిన తొమ్మిది మంది. వాళ్ల మేస్త్రీ పేరు జుమా. ఆ తొమ్మిది మందీ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినేవాళ్లు, షెడ్డు వెనక, నీళ్ల ట్యాంకు నీడలో. వాళ్లకూ నంబరు లేదు. ఎవరైనా అడిగితే, తొమ్మిదిమందికి ఒక్క పళ్లెమాయె, దానికి నంబరేం కొడతామని నవ్వేవాణ్ని. అసలు సంగతి నవ్వొచ్చేది కాదు. వాళ్ల పళ్లెం మా పళ్లాల వరసలో తగలకుండా మేకు వేరే కొట్టింది నేను. తలుపు వెనక, చీపుర్ల పక్కన. నల్లోళ్ల పళ్లెం మన పళ్లాలకు తాకితే ఏమవుతుందని ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. ఈ ముక్క ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయి క్లాసులో చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

ఆ ఏడు ఉగాదికి ముందే ఎండలు ముదిరాయి. గేటు తాళం చేతిలో ఉండే వాచ్‌మన్ మధ్యాహ్నం ఎక్కడో కునుకు తీసే అలవాటు చేసుకున్నాడు. వాడు వచ్చేదాకా బకెట్లు ఎండలో నిలబడేవి. పప్పు పులిసిపోయేది. వారంలో పదిహేను మంది ఆడవాళ్లు వాంతులతో పడిపోయారు. మిషన్లు ఖాళీగా ఉన్నాయని సూపర్‌వైజరు అరిచాడు తప్ప ఎందుకు పడ్డారని అడిగిన నాథుడు లేడు. మెస్సు నుంచి మాట్లాడాల్సింది పెద్దన్న. పెద్దన్నకు చెప్పాల్సింది ఓటున్నవాళ్లు. ఓటున్న మాకు పప్పు వేడిగానే ఉంది. అప్పుడు జుమా ఎవరూ చెప్పకుండానే గోనెపట్టాలు తడిపి బకెట్ల మీద కప్పడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్ను పేరు పెట్టి కేకలేసేవాడు. గేటు లోపల బకెట్లందుకునేది ఓబులమ్మ.

ఓబులమ్మది ప్రొద్దుటూరు దగ్గర. కాలర్లు కుట్టే వరసకు పెద్ద. మనిషి నలుపు, మాట నిలువు. కడప వైపు వాళ్లకు తురకం, అంటే ఉర్దూ, నోటి మీదే ఉంటుంది గదా, జుమాకు ఓడరేవులో నేర్చిన హిందీ ఉంది. రోజూ బకెట్లు చేతులు మారే ఆ రెండు నిమిషాల్లో వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. అట్లా ఒకరోజు ఆమెకు తెలిసిందేమిటంటే, ఆడవాళ్లు తినలేక తిప్పి పంపిన బకెట్లలోదే లోడింగువాళ్ల భోజనం. పులిసిందని వీళ్లు వదిలేసింది వాళ్ల పెద్ద పళ్లెంలోకి పోతున్నది. ఆ మర్నాటి నుంచి, పాడైందని తెలిస్తే గేటు దగ్గరే మట్టిలో పారబోయించింది. “మేం తినంది ఇంకొకరు తినేదేంది?” అన్నదట.

ఇక్కడ కథలోకి నేను వస్తాను, గుర్రమెక్కి. ఆ ఏడు పెద్దన్న మీద నిలబడాలనిపించింది. ఆడవాళ్ల కష్టం చూడలేకే నిలబడ్డానని ఇన్నాళ్లూ చెప్పాను. నిజం చెబితే, మెస్సు పెద్దకు కూలరు ముందున్న కుర్చీ ఉండేది, నాకు ఆ కుర్చీ మీద మనసు పడింది. పెద్దన్నతో చెబితే కోపం కూడా తెచ్చుకోలేదు.

“నిలబడురా మాస్టరూ. గెలిస్తే నాలుగ్గొట్టంగ లేచి ఉల్లిగడ్డలు కోయించుడు నీ పని. ఒళ్లు వంగుతదా నీకు?” అన్నాడు.

మగవాళ్లలో పెద్దన్నను కాదని నాకు వేసేవాడెవడూ లేడని రెండు రోజుల్లో తేలిపోయింది. అప్పుడు లెక్క వేశాను. నలభై మంది ఆడవాళ్లకు నంబర్లు కొట్టిస్తే? అచ్చులు నా దగ్గరున్నాయి, రూలు పెద్దన్నదే. మర్నాడు మధ్యాహ్నం బకెట్ల వెంబడి నేనూ గేటు దాకా వెళ్లాను.

“ఏమి మాస్టరూ, ఈపొద్దు అన్నంతో పాటు నిన్ను గూడా పంపినారే?” అన్నది ఓబులమ్మ ఊచల అవతలి నుంచి.

చెప్పాను. మీ పళ్లాలకు నంబర్లు కొడతాను, మీకు ఓటొస్తుంది, నాకు వెయ్యండి, లోపల కూర్చుని వేడివేడిగా తినండి అని. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

“మాకిస్తావు, సరే. ఆ బకెట్టు మోసుకొచ్చినోళ్లకు?”

“వాళ్లకు గూడా అంటే మావాళ్లు నన్ను తంతరు. ముందు మీది గానియ్యి. మనమంతా ఒకటే గదా, తెలుగోళ్లం. వాళ్ల సంగతి తర్వాత చూద్దాం.”

“తర్వాత అంటే యాపొద్దు? మాకు గూడా ఇన్నాళ్లు తర్వాతే అంటిరి. ఆ తర్వాత ఎట్లుంటాదో మాకు బాగా తెలుసబ్బా, పులిసిన పప్పు మాదిరి ఉంటాది. వాళ్లను బయట నిలబెట్టి మేం లోపలికొస్తే, రేపు మమ్మల్ని నూకేటప్పుడు అడ్డమొచ్చేదెవురు, నువ్వా?”

ఆ ‘నువ్వా’ అన్న తీరుకు పక్కనున్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. నీకు అక్కర్లేకపోతే ఇంకొకరున్నారులే అనుకుంటూ తిన్నగా నీళ్ల ట్యాంకు వెనక్కి నడిచాను. జుమాతో అన్నాను, మీరు మగవాళ్లు, మగవాళ్లంతా ఒకటే, మీ తొమ్మిది మందికీ పళ్లాలిస్తాను, ఆడవాళ్ల సంగతి తర్వాత అని. అదే నోటితో, అరగంటలో, తెలుగువాళ్లంతా ఒకటే అన్నవాణ్ని మగవాళ్లంతా ఒకటే అన్నాను. జుమా చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసి, “నై రఫీక్. బెహన్ చెప్పింది, నువ్వు ఇటే వస్తావని” అన్నాడు హిందీలో. అతనికి నేను రఫీక్, అంటే దోస్తును; ఓబులమ్మ బెహన్, అంటే అక్క. తొమ్మిది మందీ నవ్వారు. ఆ ఒక్క మధ్యాహ్నంలో రోడ్డుకు రెండువైపులా నవ్వుల పాలైనవాణ్ని నేనొక్కణ్నే.

మా అమ్మాయి ఆ పాఠం సంగతి చెప్పినప్పుడు నాకు చెమటలు పట్టింది ఇందుకే. ‘ముందు వీళ్లు, తర్వాత వాళ్లు’ అని బేరం తెచ్చిన పెద్దమనుషులు ఆ దూరదేశంలో ఎవరో గానీ, రుసైల్‌లో మాత్రం నేనే. అక్కడ చీలిపోయారు. ఇక్కడ ఓబులమ్మ, జుమా చీలలేదు. వాళ్లేం చదువుకోలేదు. ఒకే బకెట్టు రెండు చివర్లా పట్టుకున్నవాళ్లు.

మూడు రోజులు ముఖం చాటేశాను. నాలుగో రోజు లొంగిపోయాను. నలభై తొమ్మిది ఓట్లు మొత్తం నావే అవుతాయన్న ఆశ కూడా అందులో ఉంది, దాచడం ఎందుకు. ఖాళీ బకెట్ల అడుగున రోజుకు పది పళ్లాలు వచ్చేవి. భోజనం వేళ ఇస్త్రీ మిషన్ల హోరులో సుత్తి చప్పుడు వినబడకుండా నంబర్లు కొట్టేవాణ్ని. మర్నాడు అవి కూర బకెట్ల మీద మూతల్లాగా తిరిగి వెళ్లేవి. నాలుగు రోజుల్లో నలభై పూర్తి. లోడింగువాళ్ల దగ్గరే ఆగింది. తొమ్మిది పళ్లాలు సంపాదించుకోమంటే జుమా ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లో వేరే పళ్లెంలో ఒక్కడే తినేవాడంటే ఇంట్లో అలిగినవాడట. “మేం ఎవరితోనూ అలగలేదు గదా” అన్నాడు. అయితే మీ పెద్ద పళ్లానికి ఒక్క నంబరు కొడతాను, తొమ్మిది మందికీ కలిపి ఒక ఓటు, దాంతో సర్దుకోండి అన్నాను నేను ఉదారంగా. జుమా ఆ పళ్లెం నా ముందు పెట్టి, అంచు మీద వేలు జరుపుతూ, “ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి” అంటూ చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చాడు. ఒకే పళ్లానికి తొమ్మిది నంబర్లన్న ఆ ఆలోచన నాదేనని ఎన్నో చోట్ల చెప్పాను. నాది సుత్తి మాత్రమే.

ఉగాది వెళ్లిన శుక్రవారం. ఆడవాళ్లను బజారుకు తీసుకెళ్లే బస్సు వారానికి ఆ ఒక్క రోజే, రెండు గంటలకు. బజారంటే సబ్బులూ నూనే కాదు, అక్కడున్న ఫోను. ఇంటివాళ్లతో మాట్లాడాలంటే అదొక్కటే దారి. ఆ రోజు గేటు తెరిచారు, బస్సు నిలబడింది. నలభై మందీ చున్నీల కింద పళ్లాలు పట్టుకుని బస్సు పక్క నుంచి నడిచి రోడ్డు దాటి మెస్సు షెడ్డులోకి వచ్చేశారు. వాచ్‌మన్ హారన్ కొట్టమని డ్రైవరుకు సైగ చేశాడు. ఓబులమ్మ కూతురు ప్రతి శుక్రవారం ప్రొద్దుటూరులో ఒక అంగట్లో ఫోను పక్కన కూర్చునేది, తల్లి మాట కోసం. గుమ్మం దగ్గర ఎవరో, ఆ పిల్ల ఎదురుచూస్తూ కూర్చునే ఉంటుందని ఓబులమ్మతో అంటే, “కూచోనీలే. చెప్పేటందుకు ఏమన్నా ఉంటే గదా వచ్చే వారమైనా చెప్పేది” అన్నది. అన్నాక ఒకసారి వెనక్కి తిరిగి బస్సు వైపు చూసింది. అంతే. వాళ్ల వెనక జుమా, అతని వెనక ఎనిమిది మంది, తల మీద పెద్ద పళ్లెం.

షెడ్డులో అరుపులు లేచాయి. ఆడోళ్లకేం పనిక్కడ అని ఒకడు, నల్లోళ్లను ఎవడు రానిచ్చిండని ఇంకొకడు. ఆడవాళ్లను రానిద్దాం వాళ్లను మాత్రం పంపించమని ఒకడంటే, మొగోళ్లు గనుక వాళ్లను ఉంచి ఆడవాళ్లను పంపిద్దామని మరొకడు. అచ్చం నా రెండు బేరాలే, వేరే గొంతులతో. పెద్దన్న చెయ్యెత్తాడు. ఓబులమ్మ పళ్లెం అందుకుని నంబరు మీద గోరుతో గీకి చూశాడు. తర్వాత జుమా పళ్లెం ఒళ్లో పెట్టుకుని, అంకె మీద వేలు పెట్టి చదివి, కొంచెం తిప్పి, మళ్లీ వేలు పెట్టి చదివి, తొమ్మిదీ చదివాడు. నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

“ఏంరా మాస్టరూ, గీ అచ్చు నీదేనా?”

“నాదే పెద్దన్నా.”

“నంబరుంటే ఓటున్నట్టేనని నేనే అన్న. ఇగ నేనే ఎట్ల కాదంట?” అని అందరి వైపూ తిరిగాడు. “గీడ తొమ్మిదున్నయి. తొమ్మిదే లెక్క. ఎవనికన్న కష్టమైతే బయట గాలికి నిలబడుండ్రి.”

ఎవరూ బయటికి పోలేదు, బయట ఎండ అట్లా ఉంది. పెద్దన్న చాప మీద ఆయన, పక్క చాప మీద నేను. నేను మీసం సవరించుకున్నాను. అప్పుడు ఓబులమ్మ భుజం మీది తువ్వాలు తీసి నా పక్కన నేల మీద పరిచి దాని మీద తాను కూర్చుంది.

“ఏంది ఓబులమ్మా?” అన్నాను.

“నేనూ నిలబడతాండా. నంబరుండేటోళ్లు ఎవురైనా నిలబడొచ్చు గదా మాస్టరూ?”

ఆ క్షణంలో నేను చేసిన పనికి ఇప్పటికీ నా గుండె పొంగుతుంది. లేచాను. నా చాప చుట్టేశాను. పోటీ నుంచి తప్పుకుంటున్నానని చెప్పి, అందరికంటే ముందు నా పళ్లెం ఆమె ముందు బోర్లించాను. తర్వాత ఆడవాళ్ల పళ్లాలు ఒక్కొక్కటే పడ్డాయి. స్టీలు మీద స్టీలు పడే చప్పుడు, ఒక్కొక్కరు పెట్టేటప్పుడు ఒక్కొక్క తీరుగా. కొందరు మెల్లగా, కొందరు ఠంగుమని. చివర్న జుమా తన పెద్ద పళ్లాన్ని ఆ దొంతర మీద గొడుగులాగా కప్పాడు. లెక్కపెడితే ఆమె దొంతరలో మగవాళ్ల పళ్లాలు కూడా నాలుగు తేలాయి. వంట యాదయ్యది, ఇస్త్రీ సెక్షన్‌లో ఇద్దరివి, నాది. పెద్దన్న ఓడిపోయాడు. లేచి, నడుము తువ్వాలు బిగించి, గరిటె తెచ్చి ఓబులమ్మ చేతికిచ్చి, తన ఎడమ చెయ్యి తిప్పి చూపించాడు. “గీడ ఏస్కొని చూడాలె. నాలికె కాలదు” అన్నాడు. ఆ రోజు మాంసం కూర రుచి మొదట ఆమె చూసింది. కళ్లు మూసుకుంది. యాదయ్య ఊపిరి బిగపట్టాడు. “పెట్టు” అన్నది.

మూడు రోజులు కొందరు మగవాళ్లు అలిగి రూముల్లో ఖుబ్బూస్ రొట్టె, తొక్కుతో గడిపారు. మళ్లీ మాంసం వండే రోజుకు అలకలన్నీ తీరాయి. ఆడవాళ్లు మాతో పాటు, మా బెంచీల మీద, మాలాగే వేడివేడిగా తిన్నారు. వాళ్లకు వాంతులు ఆ వారంతో ఆగిపోయాయి. లోడింగువాళ్ల పెద్ద పళ్లెం తలుపు వెనక నుంచి ముందుకొచ్చింది. మేకు నేనే కొట్టాను, ఇది మాత్రం అచ్చంగా నిజం. నెల తిరక్కుండానే ఇస్త్రీ సెక్షన్ కుర్రాళ్లు ఇద్దరు వెళ్లి ఆ పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నారు, అందులో ముక్కలెక్కువ పడుతున్నాయని అనుమానంతో. తర్వాత అనుమానం పోయింది, కూర్చోవడం మిగిలింది. అన్నం మోసిన బకెట్లను నేల కడగడానికి వాడుకున్నారు. మరుసటి శుక్రవారం ఓబులమ్మ ఫోనులో కూతురితో ఏం చెప్పిందో బస్సులో ఉన్నవాళ్లందరికీ వినబడిందట. “మీయమ్మ గెలిచింది మే” అని.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు, ఆ షెడ్డులో టైల్సు నిల్వ చేస్తున్నారు. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది, ఏ దేశంలో ఉన్న కూతురి ముఖమైనా కనబడుతుంది. మా వాడి కబీర్ బిల్డింగులో నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగించాలో కూడా ఫోను గ్రూపులో ఓటేసుకుంటారు. అందరికీ ఓటుంది, ఇళ్లలో పనిచేస్తూ రోజంతా ఆ నీళ్లే వాడే ఆడవాళ్లకు తప్ప. మూడో అంతస్తులో పనిచేసే గోదావరి మనిషి సత్యవతిని ఆ గ్రూపులో చేర్చమని అడిగితే తర్వాత చూద్దామన్నారు. ఆ ‘తర్వాత’ అన్న మాట చెవిన పడగానే నాకు పులిసిన పప్పు వాసన వచ్చింది. పట్టుబట్టి చేర్పించాను. అంటే, చేర్పించమని లావణ్య ప్రాణం తీశాను, ఆమె చేర్పించింది. ఇప్పుడు పనివాళ్లు ఆరుగురు ఆ గ్రూపులో ఉన్నారు. మొన్న ట్యాంకు రెండు వారాలు ముందే కడిగారు. అప్పటికీ ఇప్పటికీ ఏది మేలని మా అమ్మాయి అడిగితే, ఇప్పుడే మేలన్నాను. అప్పుడు ఒక్కొక్క పళ్లానికీ సుత్తి దెబ్బలు కొట్టాల్సి వచ్చింది.

పిల్లలకు చదివే ముందు దీన్ని ఓబులమ్మకు వినిపించాలన్నది లావణ్య షరతు. ఆమె ఇప్పుడు సహం ఊరి దగ్గర ఒక తోటలో పనివాళ్లకు వంట చేస్తుంది. నిన్న శుక్రవారం కారులో వెళ్లాం. కూర దించి ఎడమ చేతి వెనక చుక్క వేసుకుంటూ ఎదురొచ్చింది. జుట్టు నాకంటే తెల్లబడింది, మాట మాత్రం నిలువుగానే ఉంది. జుమా తన ఊళ్లో పడవలు చూసుకుంటున్నాడని, పండగకు ఫోను చేస్తాడని చెప్పింది. లావణ్య మొదటి నుంచి చివరిదాకా చదువుతుంటే ఓబులమ్మ నిమ్మకాయలు కోస్తూ విన్నది. గుర్రమెక్కిన చోట నవ్వింది. మేకు సంగతి దగ్గర కత్తి ఆపి నా ముఖంలోకి చూసింది. కూతురి ఫోను దగ్గర కొంగు కళ్లకు అద్దుకుంది. అంతా అయ్యాక కత్తి పక్కన పెట్టింది.

“బాగానే రాసినావు మాస్టరూ. ఒక్కటి మాత్రం మార్చు” అన్నది.

“ఏది?”

“నువ్వు చాప చుట్టనూ లేదు, లేయనూ లేదు. ఆ నాలుగో పళ్లెం పెద్దన్నది. నీది నీ ముందరే ఉన్నింది, ఒక్కటే.”